సీటు వచ్చిన తరువాత

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకొంటాము. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి చిత్రపటానికి పూలమాల వేసి, కృష్ణరాజ సాగరం మొదలు మూసీ వరద నివారణ వరకు ఆయన సాధించిన ఘనకార్యాలను వక్తలు స్మరిస్తారు. ఆ ఉపన్యాసాలలో సాధారణంగా చోటు దొరకని విషయం ఒకటున్నది. చిన్న వయసులోనే తండ్రిని పోగొట్టుకొన్న విశ్వేశ్వరయ్య బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజులలో పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ సంపాదనతో తన చదువు సాగించుకొన్నారు. 1881లో బి.ఏ. పూర్తయిన పిమ్మట పూనా సైన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ చదవడానికి మైసూరు ప్రభుత్వం ఆయనకు ఉపకారవేతనం మంజూరు చేసింది. 1908లో మూసీనది హైదరాబాదును ముంచెత్తిన తరువాత ఆ నగర రక్షణకు ప్రణాళిక రచించినది ఆ విద్యార్థే. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ ప్రణాళిక ఫలితాలు. మైసూరు ఖజానా నుండి నెలనెలా వెళ్ళిన ఆ కొద్దిపాటి సొమ్ము హైదరాబాదులో ఎన్ని తరాలకు మంచినీరై తిరిగి వచ్చిందో లెక్క కట్టగలవారెవరు?

మరొక ఉదంతం మనకు కాలంలో ఇంకా దగ్గరిది. అబ్దుల్ కలాం గారికి మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చినప్పుడు చేరడానికి దాదాపు వెయ్యి రూపాయలు కావలసి వచ్చింది. రామేశ్వరంలోని ఆ కుటుంబానికి అది అందని మొత్తం. ఆయన సోదరి జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు కుదువపెట్టి ఆ డబ్బు సమకూర్చారు. ఈ సంగతిని కలాం గారే తమ ఆత్మకథలో కృతజ్ఞతతో రాసుకొన్నారు.

ఈ రెండు ఉదంతాలలోను గమనించవలసిన సూక్ష్మమొకటున్నది. ప్రతిభ ఇద్దరికీ ఉన్నది, ప్రవేశమూ ఇద్దరికీ దొరికింది. అయినప్పటికీ సకాలంలో ఒకచోట ఒక ప్రభుత్వం, మరొకచోట ఒక తోబుట్టువు చేయి అందించకపోతే ఆ ప్రతిభ దేశానికి దక్కేది కాదు. పేద విద్యార్థికి ఇంజనీరింగ్ సీటు రావడం ఒక ఘట్టం. అతడు నాలుగేళ్ళు నిలదొక్కుకొని పట్టాతో బయటికి రావడం వేరొక ఘట్టం. మొదటి ఘట్టాన్ని గూర్చి మన సమాజం చేసినంత ఆలోచన రెండవదానిని గూర్చి చేయలేదు. ఈ నెల మన శీర్షికలో ఆ రెండవ ఘట్టాన్ని గూర్చి నాలుగు మాటలు పాఠక మిత్రులతో పంచుకోదలచాను.

ఫీజు తీరినా తీరని ఖర్చులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుండి ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తృతంగా అమలులోకి వచ్చిన తరువాత, అంతకు ముందు ఇంజనీరింగ్ మాట తలపెట్టని కుటుంబాల పిల్లలు వేల సంఖ్యలో కళాశాలల గడప తొక్కారు. రాష్ట్ర విభజన అనంతరం రెండు తెలుగు రాష్ట్రాలలోను వేర్వేరు షరతులతో ఆ ఏర్పాటు కొనసాగుతూ వచ్చింది. ఇది సామాన్యమైన విషయం కాదు. ఇంటిలో మొట్టమొదటి పట్టభద్రుడు ఇంజనీరు కావడమనేది రెండు తరాల క్రితం కలలో మాట.

అయితే బోధన రుసుము ఒక్కటే చదువు ఖర్చు కాదు. హాస్టలు అద్దె, మెస్సు అడ్వాన్సు, బస్సు ఛార్జీ, పరీక్ష ఫీజు, డ్రాయింగు పరికరాలు, వర్క్‌షాపు దుస్తులు, రికార్డులు, ప్రాజెక్టు సామగ్రి, ఈ కాలంలో తప్పనిసరిగా మారిన కంప్యూటరు, ఇవన్నీ విద్యార్థి చేతి నుండే వెళ్ళాలి. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద మొత్తం కాదు. కాని ప్రతిదానికీ ఒక గడువు తేదీ ఉన్నది. దినకూలీ మీద బతికే కుటుంబానికి సంవత్సరం మొత్తం మీద ఎంత ఖర్చన్న దానికంటె, ఫలానా తేదీ నాటికి చేతిలో ఎంత ఉండాలన్నదే కఠినమైన ప్రశ్న. ప్రభుత్వం చెల్లించవలసిన సొమ్ము ఆలస్యమైనప్పుడు ఆ ఒత్తిడి కూడా చివరకు విద్యార్థి మీదికే దిగుతుంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల విడుదల కోరుతూ కొద్ది రోజులు మూతపడిన సంగతి పత్రికలలో చూశాము.

గడువు తేదీ ఎంత క్రూరమైనదో తెలుసుకోవడానికి 2024 నాటి ఒక వ్యాజ్యం చాలును. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దినకూలీ కుమారునికి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు జూన్ 24వ తేదీ సాయంత్రం 5 గంటలలోగా ఆన్‌లైన్‌లో చెల్లించాలి. దళిత కుటుంబానికి చెందిన ఆ తండ్రి ఊరివారి సాయంతో డబ్బు కూడగట్టే సరికి గడువు దాటిపోయింది. సీటు రద్దయింది. ఆ బాలుడు కమిషన్‌ను ఆశ్రయించి, హైకోర్టుల గడప తొక్కి, చివరకు సుప్రీంకోర్టుకు చేరాడు. రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద తనకున్న విశేషాధికారాన్ని వినియోగించి, ఇతర విద్యార్థులెవరి సీటుకూ భంగం కలగకుండా, ఆ బాలుని అదే శాఖలో చేర్చుకోవలసిందిగా సర్వోన్నత న్యాయస్థానం సెప్టెంబరు 30న ఆదేశించింది. అంతకు మూడేళ్ళ ముందు, 2021 నవంబరులో, బొంబాయి ఐఐటీలో సకాలంలో ఫీజు కట్టలేక సీటు పోగొట్టుకొన్న మరొక దళిత విద్యార్థికి కూడా ఇదే న్యాయస్థానం సీటు ఇప్పించింది. న్యాయం జరిగినందుకు సంతోషమే. కాని పదిహేడు వేల ఐదు వందల రూపాయల కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం కలుగజేసుకోవలసి వచ్చినదంటే, ఢిల్లీ దాకా వెళ్ళలేక ఇంటి దగ్గరే ఆగిపోయిన పిల్లలెందరో ఆలోచించవలసి ఉన్నది.

ప్రవేశం దొరికి, చదువు మొదలైన తరువాత విడిచిపోయినవారి సంఖ్య కూడా తక్కువ కాదు. 2023 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ లోక్‌సభకు సమర్పించిన వివరాల ప్రకారం, అంతకు ముందు ఐదు సంవత్సరాలలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుండి మధ్యలో వెళ్ళిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. అందులో ఐఐటీలను విడిచినవారు 3,542 మంది. వీరిలో పలువురు వేరే కోర్సులకు, వేరే సంస్థలకు మారినవారు కావచ్చునని ప్రభుత్వమే వివరించింది. ఆ మినహాయింపును అంగీకరించిన తరువాత కూడా మిగిలే సంఖ్య మనలను కలవరపరచక మానదు. ఇవి దేశంలోని పేరుపొందిన విద్యాసంస్థల లెక్కలు. జిల్లా కేంద్రాల చుట్టూ ఉన్న సాధారణ కళాశాలలు ఈ లెక్కలలో లేవు.

ఒక తండ్రి చెప్పిన మాట

మా విభాగంలో చాలాకాలంగా కాంట్రాక్టు పద్ధతి మీద రిగ్గరుగా పనిచేస్తున్న ఒకాయన ఉన్నారు. బరువులెత్తే పనిలో ఆయనకున్న అంచనా, చురుకుదనం మా ఇంజనీర్లలో చాలామందికి పాఠం వంటివి. ఆయన కుమారునికి మంచి ర్యాంకు వచ్చి మెకానికల్ ఇంజనీరింగ్‌లో సీటు దొరికినప్పుడు షాపులో అందరికీ మిఠాయి పంచారు. రెండవ సంవత్సరం సగంలో ఆ కుర్రవాడు కాలేజీ మానేసి ఒక గిడ్డంగిలో పనికి చేరాడని తెలిసింది. విషయమేమిటని అడిగితే ఆ తండ్రి తలవంచుకొని, "ఫీజు గవర్నమెంటోళ్ళే కడతారు గదా అని నిబ్బరంగా ఉన్నామండి సార్. మెస్సు బాకీ సంగతి మావోడు మాతో అననే లేదండి" అన్నారు.

విచారించగా తెలిసినదిది. మొదటి సెమిస్టరులో గణితం, ఇంజనీరింగ్ డ్రాయింగు తప్పాయి. ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన కుర్రవానికి ఇంగ్లీషు ఉపన్యాసం సగమే అర్థమయ్యేది. మెస్సు బాకీ పెరగడంతో సాయంత్రాలు క్యాటరింగ్ పనికి వెళ్ళసాగాడు. పెళ్ళిళ్ళ కాలంలో రాత్రి రెండు గంటల దాకా పని, ఉదయం తరగతికి గైర్హాజరు. హాజరు 65 శాతం కంటె తగ్గడంతో పరీక్షలకు అనుమతి రాలేదు. తండ్రికి చెప్పడానికి భయం, లెక్చరరుకు చెప్పడానికి మొహమాటం, తోటివారికి చెప్పడానికి సిగ్గు. అప్పటికి బాకీ ఉన్నది పన్నెండు వేల చిల్లర. మన టౌన్‌షిప్‌లో ఒక సాధారణ పుట్టినరోజు విందుకు అంతకంటె ఎక్కువే అవుతుంది.

ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. కళాశాలవారు నిబంధన పాటించారు. ప్రభుత్వం ఫీజు భరించింది. తండ్రి శక్తికి మించి కష్టపడ్డాడు. లోపించినదల్లా ఒక్కటే. మొదటి పరీక్ష ఫలితం వచ్చిన నాడు, మెస్సు నోటీసు అంటించిన నాడు, హాజరు 75 శాతం కంటె దిగిన నాడు, ఆ మూడింటినీ కలిపి చూసి "ఏమి నాయనా, ఏమి జరుగుతున్నది?" అని అడిగే పెద్ద దిక్కు లేకపోయింది. ఇంట్లో ఇంజనీరో, ఉపాధ్యాయుడో ఉన్న విద్యార్థికి ఆ ప్రశ్న భోజనాల వేళనే ఎదురవుతుంది. మొదటి తరం విద్యార్థికి ఆ ప్రశ్న అడిగేవారు బయటి నుండి రావాలి.

ప్రారంభపు కరెంటు

మన వృత్తి నుండే ఒక పోలిక చెబుతాను. ఇండక్షన్ మోటారును నేరుగా లైనుకు కలిపి ప్రారంభిస్తే, అది పూర్తి లోడు కరెంటుకు ఐదారు రెట్లు, ఒక్కొక్కప్పుడు ఏడు రెట్లు కరెంటు తీసుకొంటుందని మనలో చాలామందికి తెలుసు. వేగం అందుకొన్న తరువాత అదే మోటారు ఏళ్ళ తరబడి ప్రశాంతంగా నడుస్తుంది. ప్రారంభంలో ఎక్కువ కరెంటు తీసుకొన్నదన్న కారణంతో ఆ మోటారు పనికిరానిదని ఏ ఇంజనీరూ పక్కన పడవేయడు. ఓవర్‌లోడ్ రిలేను కూడా ఆ కొద్ది సెకండ్ల కరెంటును సహించే విధంగానే అమర్చుతాము. అవసరమైన చోట స్టార్-డెల్టా స్టార్టరు పెడతాము. అప్పుడు లైను కరెంటు మూడవ వంతుకు దిగుతుంది. టార్కు కూడా మూడవ వంతుకే దిగుతుంది గనుక ప్రారంభంలో మోటారు మీద భారం తగ్గించి ఉంచుతాము. వేగం అందిన తరువాతనే డెల్టాకు మార్చి పూర్తి భారం మోపుతాము.

పల్లెటూరి ప్రభుత్వ పాఠశాల నుండి వచ్చిన విద్యార్థికి మొదటి రెండు మూడు సెమిస్టర్లు ఈ ప్రారంభ దశ వంటివి. కొత్త భాష, కొత్త ఊరు, కొత్త గణితం, కొత్త ఖర్చులు, అన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. సరిగ్గా ఆ దశలోనే మన ఉపకారవేతనాలలో చాలా వాటి రిలే ట్రిప్పవుతుంది. ఒక్క సబ్జెక్టు తప్పినా సహాయం నిలిపివేయడం ప్రతిభను ప్రోత్సహించడానికి ఉద్దేశించిన నిబంధనే. కాని ఫలితం వేరుగా ఉంటున్నది. సబ్జెక్టు తప్పిన విద్యార్థికే సహాయం ఎక్కువ అవసరం. అప్పుడే అది ఆగిపోతే అతడు సంపాదనకు వెళతాడు. సంపాదనకు వెళితే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే మిగిలిన సబ్జెక్టులూ పోతాయి. కనుక తప్పిన సబ్జెక్టు మనకు హెచ్చరిక గంట కావాలి. గంట మోగినప్పుడు మనిషి వెళ్ళి చూడాలే గాని, లైను కోసివేయరాదు.

ప్రారంభ దశను గుర్తించి ఏర్పాట్లు చేసిన సంస్థలు మన ఎదుటనే ఉన్నాయి. 2008లో బాసర, ఇడుపులపాయ, నూజివీడులలో ప్రారంభమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పదవ తరగతి పూర్తి చేసిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ళ సమీకృత కోర్సులో చేర్చుకొంటారు. ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారికి ప్రవేశ సమయంలో కొంత అదనపు వెయిటేజి ఇస్తారు. అంతటితో ఆగక, మొదటి రెండేళ్ళు ప్రీయూనివర్సిటీ కోర్సుగా నడిపి, ఆ తరువాతనే నాలుగేళ్ళ బి.టెక్. మొదలుపెడతారు. ఐఐటీలలో కూడా ర్యాంకు కొద్దిలో తప్పిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఒక సంవత్సరం సన్నాహక కోర్సు చాలాకాలంగా ఉన్నది. ఇవి స్టార్టరు వంటి ఏర్పాట్లు. సాధారణ కళాశాలలో చేరిన విద్యార్థికి ఇటువంటి స్టార్టరు లేదు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండవ సంవత్సరంలో చేరేవారి పరిస్థితి మరీ కష్టం. యంత్రాల మీద వారి చేతివాటం మెరుగ్గా ఉంటుంది. కాని తోటివారు మొదటి సంవత్సరంలో చదివిన గణితం వారికి ఉండదు.

తెలిసినవారికే తెలిసే పథకాలు

సహాయ పథకాలు మన దేశంలో లేకపోలేదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు 1944 నుండి ఉన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రిమండలి ఈ పథకానికి ఐదేళ్ళకు 59,048 కోట్ల రూపాయల వ్యయాన్ని ఆమోదించి, అందులో 60 శాతం కేంద్రం భరించేటట్లు, కేంద్ర వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకు చేరేటట్లు నిర్ణయించింది. ఐఐటీలలో 2016లో వార్షిక బోధన రుసుమును 90,000 నుండి 2 లక్షల రూపాయలకు పెంచినప్పుడు ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు, లక్ష రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు పూర్తి మినహాయింపునిచ్చారు. లక్ష నుండి 5 లక్షల ఆదాయమున్నవారికి మూడింట రెండు వంతులు తగ్గించారు. ఏఐసీటీఈ గుర్తింపు పొందిన కళాశాలలలో మంజూరైన సీట్లకు అదనంగా 5 శాతం సీట్లు ట్యూషన్ ఫీజు మినహాయింపుతో ఇచ్చే నిబంధన ఉన్నది. ఏఐసీటీఈ వారి ప్రగతి పథకం కింద ఎంపికైన బాలికలకు సంవత్సరానికి 50,000 రూపాయలు లభిస్తాయి. ఒక కుటుంబం నుండి ఇద్దరు బాలికలకు అవకాశమున్నది. వికలాంగ విద్యార్థులకు సక్షం పేరుతో అటువంటిదే మరొక పథకమున్నది.

రుణం తీసుకోదలచినవారికి 2024 నవంబరు 6న కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉన్నది. ఎంపికైన మేలైన విద్యాసంస్థలలో చేరినవారికి పూచీకత్తు, హామీదారు లేకుండా రుణమిస్తారు. ఏడున్నర లక్షల వరకు రుణానికి 75 శాతం ప్రభుత్వ హామీ ఉన్నది. 8 లక్షల లోపు వార్షికాదాయమున్న కుటుంబాలకు, ఇతర ఉపకారవేతనమో వడ్డీ రాయితీయో పొందని పక్షంలో, 10 లక్షల వరకు రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ లభిస్తుంది. మధ్యలో కళాశాల మారవలసినవారి ఒరిజినల్ సర్టిఫికెట్లను అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది.

ఈ జాబితా చదివినవారికి ఇన్ని ఉండగా ఇంకేమి కావాలనిపించవచ్చును. వీటన్నిటికీ దరఖాస్తు ఉన్నది, ఆదాయ ధ్రువపత్రం ఉన్నది, ఆధార్‌తో కలిసిన బ్యాంకు ఖాతా ఉన్నది, చివరి తేదీ ఉన్నది. ఒక అక్షరం తేడా ఉంటే దరఖాస్తు తిరిగి వస్తుంది. మీసేవకో సచివాలయానికో వెళ్ళడానికి ఒక రోజు కూలి పోతుంది. కార్యాలయపు కాగితాలతో జీవితమంతా గడిపిన మనకు ఇది గంట పని. వారికి ఇది ఒక కోట. పథకం ఉండడం వేరు, అది చేరడం వేరు. ఆ నడుమ దూరాన్ని నడవగలవారు మనవంటివారే.

మనం చేయదగినవి

ఈ విషయాన్ని సానుభూతితో ముగించడం నా ఉద్దేశం కాదు. సోదర ఉద్యోగులు పరిశీలించవలసినదిగా కొన్ని సూచనలు చేస్తున్నాను.

మొదటిది, తక్షణ సహాయ నిధి. ప్రతి విభాగంలో ఇష్టమున్నవారు నెలకు తమకు తోచిన మొత్తం వేసి ఒక చిన్న నిధి ఏర్పరచుకోవచ్చును. దీని ప్రయోజనమంతా వేగంలోనే ఉన్నది. పరీక్ష ఫీజుకు శుక్రవారం గడువైతే గురువారం నాడు డబ్బు కళాశాలకు చేరాలి. ఇద్దరి సంతకంతో రెండు రోజులలో నిర్ణయమయ్యే పద్ధతి ఉండాలి. కమిటీ సమావేశం వచ్చే నెల ఉన్నదనే మాట ఇక్కడ పనికిరాదు. విద్యార్థి ఉద్యోగంలో చేరిన తరువాత ఇష్టమైతే ఆ మొత్తాన్ని నిధికి తిరిగి ఇస్తాడు. ఇవ్వకపోయినా మనం అడగరాదు.

రెండవది, ఒక ఉద్యోగి, ఒక విద్యార్థి. నాలుగేళ్ళ పాటు ఒక్క విద్యార్థి బాగోగులు చూసే బాధ్యత ఒక్కరు తీసుకోవాలి. దీనికి డబ్బు కంటె క్రమశిక్షణ ముఖ్యం. నెలకొకసారి మాట్లాడడం, హాజరు శాతం, వచ్చిన మార్కులు, రాబోయే చెల్లింపుల తేదీలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం చాలును. బేరింగు ధ్వని మారిన నాడే గమనించి సరిచేసే అలవాటు మనకున్నది. ఆ అలవాటునే ఇక్కడ వినియోగించాలి.

మూడవది, సాయంకాలపు పాఠాలు. మన టౌన్‌షిప్‌లలో విశ్రాంత ఇంజనీర్లున్నారు, ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాళ్ళున్నాయి. మొదటి సంవత్సరం గణితం, ఇంజనీరింగ్ డ్రాయింగు, సాంకేతిక ఇంగ్లీషు, ఈ మూడింటినీ తెలుగులో వివరించి ఇంగ్లీషులో రాయించే తరగతులు సెలవులలో నడపవచ్చును. డిప్లొమా నుండి వచ్చినవారికి గణితం ప్రత్యేకంగా చెప్పాలి. తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో ఇంజనీరింగ్ బోధనకు ఏఐసీటీఈ 2021-22 విద్యాసంవత్సరం నుండి అనుమతించింది. అర్థం చేసుకొనే భాషకూ జవాబు రాసే భాషకూ వంతెన వేయడం తప్పుపని కాదని ఆ నిర్ణయమే చెబుతున్నది.

నాలుగవది, వేసవి శిక్షణ. ప్రాజెక్టు పనికీ, పారిశ్రామిక శిక్షణకూ మన కర్మాగారాలకు వచ్చే విద్యార్థులలో పేదవారికి రుసుము మినహాయించి, ట్రైనీల హాస్టలులో బస చూపితే వారికి ఎంతో మేలు. ఊరిలో బంధువులు లేని కారణంగా శిక్షణ మానుకొనే పిల్లలున్నారు.

ఐదవది యాజమాన్యానికి విన్నపం. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిర్ణీత స్థాయి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. విద్యాభివృద్ధి ఆ జాబితాలో ఉన్నది. ఓఎన్‌జీసీ వంటి ప్రభుత్వరంగ సంస్థ ఇంజనీరింగ్ మొదలైన కోర్సులు చదివే పేద విద్యార్థులకు సంవత్సరానికి 48,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తూ వచ్చింది. ఇటువంటి సహాయాన్ని ఏటా ఏటా కాక నాలుగేళ్ళకు కలిపి మంజూరు చేయాలని, సెమిస్టరు ప్రారంభంలోనే చెల్లించాలని, మొదటి సంవత్సరంలో సబ్జెక్టు తప్పిన కారణంగా నిలిపివేయరాదని నా విన్నపం.

చివరి సూచన సున్నితమైనది. సహాయం తీసుకొనే విద్యార్థిని వేదిక మీద నిలబెట్టి, పెద్ద చెక్కు పట్టించి ఛాయాచిత్రం తీయడం మన సంస్థలలో ఆనవాయితీ అయింది. ఆ చిత్రాలు మన పత్రికలోనూ వస్తుంటాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లవానికి ఆ చిత్రం ఎలా ఉంటుందో ఆలోచించాలి. తన కష్టాన్ని తల్లిదండ్రులకే చెప్పుకోలేని మొహమాటస్థుడు, ఊరంతా చూసే పత్రికలో తన పేదరికం అచ్చవుతుందని తెలిస్తే సహాయం అడగడమే మానుకొంటాడు. ఆ చోట మనం అతని పట్టా వచ్చిన రోజున, అతడు ఇష్టపడితే, అతని చిత్రం వేసుకొందాము.

మా రిగ్గరు గారి కుమారుడు ఇంకా గిడ్డంగిలోనే ఉన్నాడు. నాలుగేళ్ళ కోర్సును పూర్తి చేయడానికి మన రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాలు ఎనిమిదేళ్ళ దాకా గడువిస్తాయి. కనుక అతనికి తలుపు ఇంకా మూసుకోలేదు. మళ్ళీ చేరడానికి కావలసిన అనుమతి పత్రాల పని మా విభాగంలోని ఇద్దరు యువ ఇంజనీర్లు చేపట్టారు. బాకీ సొమ్ము సంగతి పదిమందిమి కలిసి చూసుకొంటున్నాము. గణితం బాధ్యత నాకు అప్పగించారు. ముప్ఫై ఏళ్ళ తరువాత అవకలన సమీకరణాలు మళ్ళీ తిరగేస్తున్నాను. కొంచెం కష్టంగానే ఉన్నది గాని, ఆ కష్టంలో ఆనందమున్నది.

మన ప్రతి విభాగంలోను అటువంటి తండ్రి ఒకరైనా ఉండి ఉంటారు. ఆయన క్యాంటీనులో వడ్డించవచ్చు, గేటు దగ్గర కాపలా ఉండవచ్చు, మన క్వార్టర్లలో తోటపని చేయవచ్చు. రేపు డ్యూటీకి వచ్చినప్పుడు ఆయనను పలకరించి, పిల్లలేమి చదువుతున్నారని అడగండి. ఇంజనీరింగ్ అని సమాధానం వస్తే అభినందించి ఊరుకోవద్దు. ఎన్నవ సెమిస్టరు, మెస్సు బాకీ ఏమైనా ఉన్నదా అని మరొక్క ప్రశ్న అడగండి.